అబీ కొండ కింద నేను పెట్టిన పొగ

ఆ ఊరి పేరు రాయను. కొండకి మ్యాపులో వేరే పేరుందని మా అమ్మాయి చెప్పింది. అదీ రాయను. ఊరివాళ్ళు దాన్ని పేరు పెట్టి పిలవరు, అబీ అంటారు. వాళ్ళ మాటలో అబీ అంటే అమ్మమ్మ. నేనూ అలాగే రాస్తాను.

ఢిల్లీలో మేముండే పాలం పేటలో తెలుగువాళ్ళు ఏడాదిగా ఏ ఇంట్లో ఎదురుపడినా, "మంచుకొండ ఎక్కొచ్చావంట కదా వదినా, చెప్పు చెప్పు" అంటున్నారు. ఒకావిడ కాశీ నుంచి వచ్చినవాళ్ళకి పెట్టినట్టు నా కాళ్ళకి దండం కూడా పెట్టబోయింది. నేను వెనక్కి గెంతాను. ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే కథ చెప్పి, ప్రతిసారీ తలదించుకోవడం నావల్ల కావడం లేదు. ఒక్కసారి రాసేస్తే సిగ్గు కూడా ఒక్కసారే పడొచ్చు కదా అనిపించింది. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. తప్పులుంటే దిద్దుకుని చదవండి. చూసింది మాత్రం చూసినట్టే రాస్తాను.

బియ్యం సంచీ, మేడమెట్లూ

మా ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. మాది విజయనగరం పక్క. ఢిల్లీ కంటోన్మెంటుకి బదిలీ అయినప్పుడు వచ్చినవాళ్ళం, పాలంలో ఇల్లు తీసుకుని ఇక్కడే ఉండిపోయాం. మా హరిత గుర్‌గావ్‌లో కంప్యూటరు కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున్నే ఆఫీసు క్యాబు గుమ్మం ముందుకొచ్చి హారన్ కొడుతుంది.

హరితకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఢిల్లీ పొగ సంగతి మీకు తెలుసు. దీపావళి దాటితే చాలు, మా ఇంట్లో కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కేదాన్ని. తాలింపు వేసేటప్పుడు దాన్ని గదిలో పెట్టి తలుపేసేదాన్ని. అగరొత్తి కూడా వెలిగించేదాన్ని కాదు, దేవుడు అర్థం చేసుకుంటాడులే అని. అలాంటి పిల్ల పెద్దదై కొండలెక్కడం నేర్చుకుంది. అదేం విడ్డూరమే అంటే, "అక్కడ గాలి పీల్చి చూడు అమ్మా, ఊపిరితిత్తులు కడిగినట్టు ఉంటుంది" అంది.

అంతకు ముందు రెండు కొండలకి వెళ్ళి, రెండు చోట్లా వాతావరణం బాగోలేక సగంలోంచి వచ్చేసింది. ఈసారి అబీ ఎక్కి తీరాలని పట్టు. వీపుకి బియ్యం సంచీ కట్టుకుని ఆఫీసు బిల్డింగు మెట్లన్నీ ఎక్కి దిగేది. సెక్యూరిటీ అతను పాపం, "మేడమ్, లిఫ్ట్ ఖరాబ్ హై క్యా?" అని రోజూ అడిగేవాడట. ఏడాది పొడుగునా జ్వరం వచ్చినా సెలవు పెట్టకుండా దాచుకుంది.

మా ఆయనకి ఇష్టం లేదు. పిల్లని వద్దనలేక, "మీ అమ్మ కూడా వస్తే వెళ్ళు" అన్నారు, నేను ఎలాగూ రానని. నేను "వస్తాను" అన్నాను. ఆయన చేతిలో పేపరు జారిపోయింది.

"ఏటే, నీకు మతి గాని పోయిందేటి? మెట్రోలో ఎస్కలేటరు ఎక్కడానికే భయం నీకు."

"నేను కొండెక్కను కదండీ, కింద ఊళ్ళో కూర్చుంటాను. పిల్లకి ముద్ద కలిపి పెడతాను."

హరిత నాకు షరతులు పెట్టింది. "పైకి వస్తాననకూడదు. అందరినీ కూర్చోబెట్టి జీతమెంత, పిల్లలెందరు, ఎందుకు పెళ్ళి కాలేదు అని అడగకూడదు. అసలు ఎవరినీ ఏమీ అడక్కు, ప్లీజ్ యార్ అమ్మా."

సరే అన్నాను. కందిపొడి, గోంగూర సీసా, చింతపండు పులుసు, గుంటూరు ఎండుమిరపకాయలు ఒక సంచీడు సర్దుకున్నాను.

సొరంగం అవతల

కాశ్మీరీ గేటులో బస్సెక్కాం. నేనూ హరితా, దాని ఆఫీసులోనే పనిచేసే సౌరభ్ అనే లక్నో కుర్రాడూ. నా పక్కన సోనీపత్ ఆవిడ. పులిహోర డబ్బా మూత తీశానో లేదో, "యే పీలే చావల్ మే క్యా డాలా హై?" అని, ఆ పసుపన్నంలో ఏం కలిపానో తెలుసుకోవాలని వంగి చూసింది. మనాలిలో దిగేసరికి ఆవిడకి చింతపండు ఎంతసేపు నానబెట్టాలో కూడా తెలిసిపోయింది. వాళ్ళ కోడలి సంగతులన్నీ నాకు తెలిసిపోయాయి. హరిత వెనక సీట్లోంచి నా భుజం గోకుతూనే ఉంది.

మనాలిలో ఆపిల్ తోటలు, దేవదారు చెట్లు. అక్కడి నుంచి జీపు. పెద్ద సొరంగంలో దూరినప్పుడు ఇటు పచ్చగా ఉంది, బయటికి వచ్చేసరికి అటు ఒక్క చెట్టు లేదు. ఎండిన కుండపెంకుల్లాంటి కొండలు, మధ్యలో బూడిదరంగు నది. ఎత్తుకి వెళ్ళే కొద్దీ చిప్స్ ప్యాకెట్లు పూరీల్లా పొంగాయి. నేను ముచ్చటపడి నా గోంగూర సీసా ఎలా ఉందో చూద్దామని మూత తిప్పాను. బుస్సుమని నూనె లేచి సౌరభ్ కొత్త జాకెట్టు మీద పడింది. "కోయీ బాత్ నహీ ఆంటీ" అన్నాడు పళ్ళు బిగబట్టి. ఆ రోజంతా జీపు నిండా గోంగూర వాసనే. దారిలో ఒక డాబా ఉంది. మా పాలంలో ఇరవై రూపాయల మ్యాగీ అక్కడ ఎనభై. నేను బేరమాడబోతే డాబా ఆవిడ నవ్వి, "నీళ్ళు కూడా నేనే కింద నుంచి మోసుకొచ్చాను అమ్మా, దానికి వెయ్యలేదు" అంది. నోరు మూసుకుని తిన్నాను.

అబీ నాలుక

ఊరంటే పట్టుమని కొన్ని ఇళ్ళు. తెల్ల సున్నం వేసిన మట్టి గోడలు, మిద్దెల మీద ఎండుగడ్డి మోపులు. చుట్టూ బఠానీ చేలు కోతకొచ్చి ఉన్నాయి. చేల పైన రాళ్ళు, రాళ్ళ పైన మంచు. ఆ మంచుగడ్డ రెండు కొండల మధ్య నుంచి కిందికి దిగి ఉంది. మేం దిగిన ఇంటావిడ దాన్ని చూపించి, "అబీ నాలుక చాపింది చూడు దీదీ" అంది. వాళ్ళ అత్తగారి చిన్నప్పుడు ఆ నాలుక చేను గోడ దాకా ఉండేదట. ఇప్పుడు వెనక్కి తీసేసుకుంటోందట.

ఇంటావిడ పేరు దొల్మా. నాకన్నా చిన్నది, బుగ్గలు ఎర్రగా పగిలి ఉంటాయి. దొల్మా మొగుడు తాషీ కొండెక్కించేవాడు. ముందు నడిచి తాడు కట్టేది అతనే. దొల్మా అత్తగారికి కళ్ళు సరిగ్గా కనపడవు. చేతిలో ప్రార్థన చక్రం తిప్పుకుంటూ పొయ్యి పక్కనే కూర్చుంటుంది.

ఆ పొయ్యి గురించి చెప్పాలి. గది నడుమ ఇనుప పెట్టెలా ఉంటుంది, తందూరు అంటారు. పైన మూతలు, ఒక గొట్టం మిద్దెలోంచి బయటికి. అందులో పేడపిడకలు, కంపకట్టెలు వేస్తారు. వంట దాని మీదే, చలి కాచుకోవడం దాని చుట్టూనే, పడక దాని పక్కనే. మనకి దేవుడి గది వేరు, వంటిల్లు వేరు. వాళ్ళకి అంతా ఆ తందూరే. దొల్మా పిడక వేసే ముందు చేతులు దులుపుకునేది. పాలు పొంగితే ఒక్కచుక్క కూడా నిప్పు మీద పడకుండా గిన్నె లాగేసేది. నేను అదంతా పొదుపనుకున్నాను.

ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చారు. మొదటి గుక్క కష్టంగా ఉంది, ఆ తరువాత చారులాగే అనిపించింది. గ్లాసు సగమవగానే మళ్ళీ నింపుతారు. మనం ఎంగిలి అవుతుందని ఎత్తి పోసుకుంటాం కదా, నేను అలాగే ఎత్తి పోసుకుంటుంటే ముసలావిడ అలికిడికి తల తిప్పి, "ఈవిడ టీ తాగుతోందా, చేనుకి నీళ్ళు పెడుతోందా?" అందట. దొల్మా హిందీలో చెప్పి పడీపడీ నవ్వింది. మరుగుదొడ్డి మిద్దె మీద ఒక కన్నం, పక్కన మట్టి, పార. అందులో నేను పడ్డ పాట్లు రాయను.

ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలని హరితా సౌరభ్ రోజూ కొంత పైకెక్కి దిగేవారు. నేను దొల్మాతో చేలోకెళ్ళి బఠానీ కాయలు కోశాను. తలనొప్పి తగ్గాక నాకు అది పుట్టిల్లులా అనిపించింది. అదే నా కొంప ముంచింది. మరో ఇంట్లో ఉన్నానన్న సంగతి మరిచిపోయాను.

దీపాలవేళ

మర్నాడు వేకువనే వాళ్ళు పైకి బయలుదేరాలి. రెండు మూడు రోజులు ఆకాశం ఇలాగే ఉంటుందని తాషీ అన్నాడు. సాయంకాలం హరిత వాకిట్లో కూర్చుని బూట్లకి ఇనుప ముళ్ళు బిగించి చూసుకుంటోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకావిడ హరిత చెయ్యి పట్టుకుని చూసి, "ఇంత సన్నటి పిల్ల అబీ నెత్తి దాకా ఎక్కేస్తుందా! బాప్‌రే!" అంది.

ఇంట్లోంచి పిల్ల పైకి బయలుదేరుతుంటే ఎవరైనా అలాంటి మాట అంటే మనం ఏం చేస్తాం? దిష్టి తీస్తాం. హరితకి పరీక్షలప్పుడూ తీశాను, ఉద్యోగం వచ్చినప్పుడూ తీశాను. కాకపోతే దాని ఉబ్బసం వల్ల ఎప్పుడూ బాల్కనీలో కుంపటి పెట్టి, దాన్ని లోపలికి పంపి తలుపేసి, అప్పుడు నిప్పులో వేసేదాన్ని. అక్కడ బయట గాలికి చెవులు తెగిపోతున్నాయి. లోపల తందూరు భగభగమంటోంది.

దొల్మా దొడ్లో ఆవుని కట్టేస్తోంది. తాషీ తాళ్ళు సర్దుతున్నాడు. నేను గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకున్నాను. వాళ్ళ గడపలో మట్టి చిటికెడు గోకాను. వాళ్ళ చీపురులోంచి పుల్ల విరిచాను. హరితని లోపలికి పిలిచి తూర్పుముఖంగా కూర్చోబెట్టి దాని తలలోంచి ఒక వెంట్రుక లాగాను.

"ఇప్పుడా? ఇక్కడా? అమ్మా, వద్దు, వీళ్ళేమనుకుంటారో."

"దిష్టి తీసేటప్పుడు మాట్లాడకూడదు, నోర్మూసుకో."

"పోనీ దొల్మా దీదీని అడుగు ముందు."

"దిష్టి తీయడానికి ఎవరైనా అడుగుతారటే? ఎవరినీ ఏమీ అడగొద్దన్నది నువ్వే కదా" అని తల చుట్టూ తిప్పేశాను. ఇరుగు కన్నూ పొరుగు కన్నూ అన్నీ పోవాలని మనసులో అనుకుని, పట్టకారుతో తందూరు మూత ఎత్తి గుప్పిట విప్పాను.

మన ఇళ్ళలో ఒక మాట ఉంది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదు. దిష్టి లేకపోతేనే ఘాటొస్తుంది.

ఘాటొచ్చింది. మూత సందుల్లోంచి, గొట్టం అతుకుల్లోంచి వచ్చింది. చలికని తలుపులూ కిటికీలూ బిగించిన గది. ముసలావిడ చేతిలో చక్రం పడిపోయి గొంతు పట్టుకుంది. తాషీ పరిగెత్తుకొచ్చి తల్లిని ఎత్తుకుని బయటికి తీసుకుపోయాడు. సౌరభ్ ముక్కు మూసుకుని గోడకి గుద్దుకున్నాడు. హరిత గడప దాకా వెళ్ళి అక్కడే మోకాళ్ళ మీద కూలబడింది. దాని ఛాతీలోంచి ఆ పిల్లికూత. ఎన్ని చలికాలాలు నేను తడిగుడ్డలు కుక్కి ఆపిన కూత అది. దాని బ్యాగులో చెయ్యిపెట్టి ఉబ్బసానికి మందు పీల్చే పంపు వెతికి దాని నోటికి అందించాను. నా చేతికి ఇంకా ఉప్పు అంటుకునే ఉంది.

దొల్మా కొంగులాంటి గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి మూత ఎత్తి చూసి వచ్చింది.

"దీదీ, అందులో ఏం వేశావు?"

చెప్పాను. ఉప్పు, మిరపకాయలు, చీపురుపుల్ల.

"ఇంకా? వెంట్రుక కాలిన వాసన వస్తోంది."

"ఒక్కటే... పిల్ల తలలోది."

ఆవిడ బయటికొచ్చి అత్తగారి చెవిలో చెప్పింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ ఒక్క మాట అంది. దాని అర్థం దొల్మా నాకు మర్నాడు గానీ చెప్పలేదు. "పొయ్యిలో దేవత కళ్ళలో కారం కొట్టింది."

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఊళ్ళో పొయ్యిలో దేవత ఉంటుందట. కంపు కొట్టేదీ, వెంట్రుకా, ఎంగిలీ ఏదీ ఆ నిప్పులో పడకూడదు. పడితే ఆ పొగ తిన్నగా అబీకి చేరుతుందట. అబీకి కోపమొస్తే వడగళ్ళు కురుస్తాయి. చేలల్లో బఠానీ కోతకి ఉంది.

వాళ్ళు నిప్పు ఆర్పేశారు. ఆ పూట ఇంట్లో వంట లేదు. చల్లటి నీళ్ళలో పేలపిండి కలుపుకుని తిన్నారు. నాకూ ఒక ముద్ద పెట్టారు. దుప్పటి కప్పుకుని, ఆరిన తందూరు చుట్టూ కూర్చుని, అలవాటుగా దాని వైపు చేతులు చాపుతున్నారు. నేను ఆ చేతుల వైపు చూడలేకపోయాను.

"పొద్దున వెళ్తున్నాం కదా భయ్యా?" అని సౌరభ్ అడిగాడు.

"ఈ ఇంటి నిప్పు శుద్ధి కాకుండా నేను అబీ మీద ఎలా కాలు పెడతాను?" అన్నాడు తాషీ. "పెట్టినా, ఊళ్ళో నా మొహం ఎవరు చూస్తారు?"

"అరే, మిర్చీ హీ తో హై!"

హరిత అతని చెయ్యి నొక్కి ఆపింది. నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

శుక్పా

తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు. హరిత వాకిట్లో నిలబడి శిఖరం వైపు చూస్తూ నీళ్ళు తాగుతోంది. ఇంకా దగ్గుతోంది. నేను బయటికి రావడానికి భయపడి బూట్ల తాడు కట్టిందే కట్టాను.

పొరుగావిడ వచ్చి గుమ్మంలోంచే, "వడగళ్ళు పడితే మీ మద్రాసీ మేడమ్ వచ్చి మా బఠానీలు ఏరిపెడుతుందా?" అని దొల్మాతో అని పోయింది. మద్రాసీ అంటే ఢిల్లీలో గొడవపడేదాన్ని. ఆ రోజు ఏ పేరుకైనా తల వంచేదాన్నే.

మధ్యాహ్నానికి లామా వచ్చాడు, మోటారుసైకిలు మీద. విషయం విని ముందు గట్టిగా నవ్వాడు. "మా గుడిలో వంటకి ఇన్ని మిరపకాయలు దొరకవు, మీరు నిప్పుకి పెట్టారా!" తరువాత నవ్వాపుకుని తందూరు బూడిదంతా తీయించి, కొత్త నిప్పు రాజేయించి, చదవాల్సింది చదివాడు. శుక్పా అనే పొద ఆకు ఎండబెట్టి ఉంచుకుంటారు. అది నిప్పు మీద వేస్తే వచ్చే పొగ చల్లగా, తియ్యగా ఉంటుంది. పక్క గదిలో ఉన్న హరిత కూడా దగ్గలేదు.

దొల్మా ఒక పెంకులో ఆ నిప్పు తెచ్చి నన్ను నిలబెట్టి తల చుట్టూ తిప్పింది. నేను హరితకి తిప్పినట్టే, కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి. నాకు ఏడుపాగలేదు.

"మాకూ చెడు చూపు ఉంటుంది దీదీ. మేమూ తీస్తాం" అంది. "నన్ను అడిగి ఉంటే దొడ్లో వేరే నిప్పు వేసిచ్చేదాన్ని కదా."

ఎవరింట్లో నిప్పైనా నిప్పేననుకున్నాను. అంతే.

"ఇంకొకటి" అంది దొల్మా. నన్నేమైనా అంటుందేమో, అంటే భారం తగ్గుతుంది అనుకున్నాను. "నిన్న నీకు వేడిగా ఏమీ పెట్టలేకపోయాను. మనసులో పెట్టుకోకు."

అంతకన్నా చెంపదెబ్బ మేలు.

ముసలావిడ చివరిగా తేల్చింది. నిప్పుకి చెప్పడం అయింది, ఇక అబీకి చెప్పాలి. మంచుగడ్డ దాటితే అవతల అంచున ఒక రాళ్ళగుట్ట ఉంది. పొగ పెట్టిన చెయ్యే వెళ్ళి అక్కడ శుక్పా పెట్టాలి. అప్పుడే తాషీ పైకి కదులుతాడు.

మెట్రో ఎస్కలేటరు ఎక్కడానికి భయపడేదాన్ని నేను. సౌరభ్ లెక్కవేసి, "ఆంటీ నడకకి పోయి రావడానికే రేపంతా పడుతుంది. మంచి రోజు అయిపోతుంది" అన్నాడు.

"అయిపోనీ. నేను తీసుకెళ్తాను" అంది హరిత. ముందు సాయంత్రం నుంచి అది మాట్లాడిన మొదటి మాట అదే.

గడప దాటినట్టు

ముందు తాషీ, మధ్యలో నేను, వెనక హరిత. ముగ్గురికీ ఒకే తాడు. నా కాళ్ళకి దొల్మా బూట్లు, వాటికి హరిత ఇనుప ముళ్ళు. శిఖరం కోసం అది ముద్దుగా బిగించుకున్న ముళ్ళు నా కాళ్ళకి కట్టి, అది అక్కడున్న పాతవి కట్టుకుంది.

మంచుకొండంటే మల్లెపువ్వులా తెల్లగా ఉంటుందనుకున్నాను. దగ్గరికెళ్తే మాడిన గిన్నె అడుగులా నల్లగా ఉంది. పైనంతా రాళ్ళూ మట్టీ, వాటి కింద గడ్డకట్టిన నీరు. అడుగడుక్కీ కింద ఎక్కడో నీళ్ళు పారే చప్పుడు, మూత పెట్టిన గిన్నెలో ఎసరు మరిగినట్టు. పైకి వెళ్ళేకొద్దీ రాళ్ళు తగ్గి తెలుపొచ్చింది. కొంగలా కాలెత్తి కాలేసి నడిచాను. నాలుగడుగులు, ఆగడం, గాలి కోసం నోరు తెరవడం. హరితకి చిన్నప్పుడు ఊపిరాడనప్పుడు ఇలాగే ఉండేదని అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని వీపు రాయడం వేరు, ఆ ఊపిరి తనదవడం వేరు.

ఒకచోట మంచు నిలువునా చీలి ఉంది. చీలిక లోపల నీలం, మన నీలిమందు కలిపిన నీళ్ళలా. తాషీ దాటేశాడు. నేను అక్కడే అతుక్కుపోయాను.

"రండి ఆంటీజీ, చిన్నదే."

"నావల్ల కాదు బాబూ. ఇక్కడే పెట్టేస్తాను శుక్పా. అబీకి ఇక్కడి నుంచి కనపడదా?"

వెనక నుంచి హరిత, "అమ్మా, కిందికి చూడకు. గడప దాటినట్టు దాటు. లక్షసార్లు దాటుంటావు" అంది.

కుడికాలు ముందు పెట్టి దాటాను.

రాళ్ళగుట్ట మనిషెత్తు ఉంది. మీద అడవిమేక కొమ్ములు, గాలికి చీలికలైన రంగుగుడ్డలు. తాషీ నిప్పు రాజేసి పక్కకి తప్పుకున్నాడు. మంత్రం నాకు తెలీదు. తెలుగులోనే చెప్పుకున్నాను. "అమ్మమ్మా, తెలీక చేశాను. ఆ ఇంటిమీదా వాళ్ళ చేనుమీదా పెట్టుకోకు. నా పిల్లమీదా పెట్టుకోకు." శుక్పా వేశాను. పొగ తిన్నగా పైకి లేచింది.

తల తిప్పి చూస్తే హరిత నన్ను చూడటం లేదు. అక్కడి నుంచి శిఖరం నిండుగా కనిపిస్తోంది. అంచు వెంట తెల్లటి దారి, ఎవరో ముగ్గు పిండితో గీసినట్టు. గాలి లేదు. మబ్బు లేదు.

"ఎంత క్లియర్‌గా ఉందో చూడమ్మా" అంది. గొంతులో కోపం లేదు. ఆ రోజు దాని కాళ్ళు ఉండాల్సిన చోటు అదీ. నా వెనక తాడు పట్టుకుని, నా నాలుగడుగులకి ఆగుతూ అది ఇక్కడ ఉంది. పెదవి కొరుక్కుని బాగా గాలి పీల్చి, "చలో, దిగుదాం. మంచు మెత్తబడకముందే" అంది.

వడగళ్ళు

ఆ మర్నాడు మబ్బు దిగింది. శిఖరం లేదు, అంచు లేదు, రాళ్ళగుట్టా లేదు. పైన మంచు కురుస్తూనే ఉంది. తాషీ తల అడ్డంగా ఊపాడు. హరిత సెలవు అయిపోయింది. ఊళ్ళో మాత్రం ఒక్క వడగల్లు పడలేదు. ముసలావిడ చక్రం తిప్పుతూ, "బఠానీలని వదిలేసింది. మంచి అమ్మమ్మే" అంది. మరి నా పిల్లని వదల్లేదు కదా అనుకున్నాను. పైకి అనలేదు. ఆ ఇంట్లో ఇంకేం అనే ముఖం నాకు లేదు.

బయలుదేరే పూట మిగిలిన మిరపకాయల సంచీ దొల్మా చేతిలో పెట్టాలా వద్దా అని తటపటాయిస్తుంటే, ఆవిడే లాక్కుంది. "ఇటివ్వు. కుండలో వేస్తా, పొయ్యిలో కాదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తల ఎత్తకుండా. వెళ్ళేటప్పుడు ఎండిన శుక్పా ఒక కట్ట నా కొంగున కట్టింది.

బస్సులో హరిత కిటికీ వైపు తిరిగి పడుకుంది. సౌరభ్ ఒకసారి, "నెక్స్ట్ టైమ్ ఆంటీకి సీఎల్ లేదు" అని జోకేశాడు. ఎవరూ నవ్వలేదు. పాలంలో తలుపు తీస్తూనే మా ఆయన, "ఏమ్మా, ఎక్కేసినావా?" అని అడిగారు.

"అమ్మ ఎక్కింది నాన్నా" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అందులో ఎత్తిపొడుపెంతో ప్రేమెంతో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయనకి మాత్రం ప్రేమే వినపడింది. మర్నాడే పార్కులో చెప్పేశారు. అలా పుట్టింది, నేను మంచుకొండ ఎక్కానన్న మాట.

మళ్ళీ కోతలవేళ

ఏడాది తిరిగింది. పోయిన వారం హరిత మళ్ళీ అబీ దగ్గరికి వెళ్ళింది. ఈసారి నేను వస్తాననలేదు. మా ఆయన షరతూ పెట్టలేదు. దొల్మా కోసం గుంటూరు మిరపకాయలు వేరే సంచీలో కట్టి ఇచ్చాను. గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే నా చెయ్యి దానంతటదే ఉప్పు జాడీ వైపు పోయింది. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని ఆగాను. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరినీ అడగని మాట అడిగాను.

"తియ్యనా?"

అది నా గుప్పిట వంక చూసింది. బూటు తాడు ముడి బిగించింది.

"దిగి వచ్చాక తియ్యమ్మా. బాల్కనీలో."

నిన్న దొల్మా ఫోను చేసింది. హరిత పైకి వెళ్ళిందట, ఆకాశం బాగుందట. "తందూరులో శుక్పా వేశాను దీదీ. పిల్ల పేరు చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను."

"నా పేరెందుకు దొల్మా?"

"ఫలానా ఆవిడ కూతురు వస్తోందంటే అబీకి వెంటనే గుర్తొస్తుంది కదా!"

పక్కన ముసలావిడ నవ్వు వినిపించింది. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయి, ఫోను పట్టుకుని, ఆ అమ్మమ్మకి నేనిక్కడి నుంచి కనపడనేమోనని బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఉప్పూ మిరపకాయలూ చిన్న గిన్నెలో కుంపటి పక్కనే ఉన్నాయి. కుంపటి ఇంకా వెలిగించలేదు.